సంక్రాంతి పిండివంటల డబ్బా: పండగ తిండి అదుపులో ఉంచే ప్రాజెక్టు డైరీ

భోగికి 10 రోజుల ముందు

సంక్రాంతికి తిండి అదుపు తప్పేది పండగ భోజనం దగ్గరే అనుకుంటారు చాలామంది. అసలు గండి అక్కడ లేదు. భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ కలిపి నాలుగు రోజులు. అందులో తీరిగ్గా కూర్చుని తినే పెద్ద భోజనాలు ఐదారుకు మించవు. అరిసెల డబ్బా మాత్రం భోగికి వారం ముందే నిండుతుంది, ఒక్కోసారి రథసప్తమి దాకా ఖాళీ కాదు. వంటింట్లోకి వెళ్లిన ప్రతిసారీ మూత తీయడం, అటో ముక్క ఇటో ముక్క నోట్లో వేసుకోవడం, ఇలా సాగే మూడు వారాలే అసలు సమస్య. అందుకే ఈ ప్రాజెక్టులో అదుపు చేయాల్సింది విస్తరిని కాదు, డబ్బాను.

లెక్క 8 మందికి: ఆరుగురు పెద్దలు, ఇద్దరు పిల్లలు. పెద్దల్లో ఒకరికి షుగర్, ఒకరికి బీపీ. ఏ పిండివంటా మానేది లేదు. అరిసెలు, జంతికలు, పొంగలి, పులిహోర, గారెలు, నాటుకోడి పులుసు, అన్నీ ఉంటాయి. బెల్లం లేని అరిసెలు, నూనె లేని గారెలు లాంటి ప్రయోగాలు ఈ ప్రణాళికలో లేవు. అవి ఎవరూ తినరు. పైగా అవి తిన్నాక అసలువి కూడా తింటారు.

నూనెకు ఒక హద్దు పెట్టుకున్నాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, రోజుకు 2000 కేలరీలు తినే పెద్దవాళ్లకు నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు చాలంటుంది. 8 మంది, 4 రోజులు: 27 × 8 × 4 = 864 గ్రాములు. పిల్లలకు నిజానికి ఇంకొంచెం తక్కువే పడుతుంది గానీ లెక్క తేలిగ్గా ఉండాలని అలాగే ఉంచాం. పిండివంటలు ఎంత పీలిస్తే అంత ఇందులోంచి తీసేయాలి, మిగిలిందే కూరలకు, తాలింపులకు.

కావలసిన పనిముట్లు పెద్దగా లేవు. 5 కిలోల దాకా గ్రాముల్లో చూపించే వంటింటి త్రాసు, అరిసెల చెక్కలు, చిల్లుల గరిటె, చిన్న కాగితపు సంచులు, పెన్ను. పెద్దవాళ్లకు సోల, తవ్వ, మానిక కొలతలే చేతికి వచ్చి ఉంటాయి. వాళ్ల కొలత మార్చమనడం వృథా. ఆ సోలెడు బియ్యాన్నే ఒక్కసారి త్రాసు మీద పోసి గ్రాములు రాసుకుంటే చాలు, ఆ తర్వాత ఆ సోలే మన త్రాసు.

భోగికి 6 రోజుల ముందు: అరిసెలు

నిన్న ఉదయం కిలో కొత్త బియ్యం నానబోశాం. పూట పూటకీ నీళ్లు మార్చి, ఇవాళ పొద్దున వడకట్టి, బట్ట మీద ఓ పావుగంట ఆరనిచ్చి, తడి మీదే పిండి పట్టించాం. మర దగ్గర ఒక జాగ్రత్త: మన ముందు ఎవరైనా కారమో పసుపో పట్టించారేమో అడగాలి. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి, పైన తడిబట్ట కప్పాలి. పిండిలో తడి ఆరిపోతే పాకం ఎంత కుదిరినా అరిసె పగులుతుంది.

కిలో బియ్యానికి 700 గ్రాముల బెల్లం, 60 గ్రాముల నువ్వులు. బెల్లం తగ్గిస్తే అరిసె తేలికైపోతుందని చెప్పేవాళ్లుంటారు. లెక్క చూద్దాం. 750 గ్రాములు వేసేచోట 600 వేశామనుకోండి. తగ్గింది 150 గ్రాములు, అంటే సుమారు 550 కేలరీలు. 48 అరిసెలకు పంచితే ఒక్కోదానికి 11, 12 కేలరీలు. ఆ కాస్త కోసం పాకం చాలక పిండి మిగిలిపోతుంది, చలిమిడి బిగుసుకుపోతుంది, అరిసె అంచులు చిట్లి ఆ చీలికల్లోంచి నూనె లోపలికి దిగుతుంది. బెల్లంలో ఆదా చేసింది నూనెలో పోతుంది. మా లెక్కలో 700 కిందికి దిగనవసరం లేదు.

పాకం: గిన్నెడు నీళ్లలో చుక్క వేస్తే మెత్తటి ఉండ కావాలి, వేళ్ల మధ్య నొక్కితే సాగాలి. ఉండ గిన్నెకేసి కొడితే టంగుమందంటే ముదిరినట్టే. లేతపాకమైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది.

ఇక నూనె. మూకుడులో సరిగ్గా 1000 గ్రాములు తూచి పోశాం. మంట మధ్యస్థంగా ఉంచి, చిటికెడు చలిమిడి వేస్తే అడుగుకు వెళ్లి రెండు మూడు అంకెలు లెక్కపెట్టేలోపు పైకి తేలాలి. వాయికి రెండే అరిసెలు. నాలుగు వేస్తే నూనె చల్లబడుతుంది, అరిసె ఎక్కువసేపు ఉండాలి, చివరికి నూనె ఎక్కువ పడుతుంది.

అరిసె ఎక్కువ నూనె పీల్చేది మూకుడులో ఉన్నప్పుడు కాదు, బయటికి తీశాక. వేగుతున్నంతసేపూ లోపలి తడి ఆవిరై బయటికి తోస్తుంది కాబట్టి నూనె అంతగా లోపలికి పోదు. బయటికి తీయగానే ఆ ఆవిరి చల్లబడి లోపల ఖాళీ ఏర్పడుతుంది, పైన అంటుకుని ఉన్న నూనె అందులోకి దిగిపోతుంది. అందుకే చెక్కల మధ్య నొక్కడం తీసిన వెంటనే జరగాలి. పళ్లెంలో పెట్టి, తీరిక చూసుకుని ఐదు నిమిషాల తర్వాత నొక్కితే చుక్క కూడా రాదు. ఒకరు వేయించాలి, ఒకరు నొక్కాలి. ఇద్దరు లేకుండా అరిసెలకు కూర్చోకూడదు.

చివర్లో తూచాం. మూకుడులో మిగిలింది 650 గ్రాములు. చెక్కల కింద పళ్లెంలోకి కారింది 90. అంటే 48 అరిసెలు కలిసి పీల్చుకున్నది 260 గ్రాములు, ఒక్కోటి 5.4. నొక్కకుండా వదిలేస్తే అది 7.3 అయ్యేది. అరిసె బరువు సుమారు 45 గ్రాములు, కేలరీలు 180 చుట్టుపక్కల. అర్థమయ్యేలా చెప్పాలంటే ఒక్క అరిసె అంటే దాదాపు 140 గ్రాముల అన్నం తిన్నంత.

చిన్న అరిసెలు చేద్దామన్న ఆలోచనా వచ్చింది. ఒక వాయి సగం సైజులో వేసి చూశాం. చిన్నవి, పలచనివి బరువుకు తగ్గట్టు చూస్తే ఎక్కువ నూనె పీలుస్తాయి, ఎందుకంటే పైభాగం ఎక్కువ, లోపలి కండ తక్కువ. పైగా "చిన్నవే కదా" అని మూడు తింటారు. మామూలు సైజే మేలు.

ఈ రోజు జరిగిన తప్పు: విరిగినవి. రెండు అరిసెలు అంచు విరిగాయి, ఆ ముక్కలు లెక్కలోకి రాకుండానే మాయమయ్యాయి. వేయించేవాళ్లు పొద్దుటి నుంచి ఏమీ తినకుండా పొయ్యి ముందు కూర్చోవడమే దీనికి కారణం. జంతికల రోజుకు నియమం మార్చాం: కడుపునిండా టిఫిను తిన్నాకే పొయ్యి వెలిగించాలి. రుచి చూడటానికి ఒకటి, అది కూడా లెక్కలోదే.

మిగిలిన 650 గ్రాముల నూనె రంగు మారింది, అడుగున నువ్వులు, బెల్లపు మడ్డి చేరాయి. దీన్ని మళ్లీ మూకుడులో కాచకూడదు. చల్లారాక బట్టలో వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు వాడేయాలి. వాడిన నూనెలో పాడైన పదార్థాలు 25 శాతం దాటితే వంటకు పనికిరాదని 2018 జూలై 1 నుంచి మన దేశంలో నిబంధన ఉంది. ఇంట్లో దాన్ని కొలిచే సాధనం ఉండదు కాబట్టి కళ్లతో, ముక్కుతో చూసుకోవాలి: నురగ కట్టడం, తొందరగా పొగ రావడం, వేలికి జిగురుగా తగలడం. ఈ మూడింట్లో ఒక్కటి కనిపించినా పారేయాలి.

భోగికి 4 రోజుల ముందు: జంతికలు, పొట్లాలు

750 గ్రాముల బియ్యప్పిండి, 250 గ్రాముల పుట్నాల పిండి, 40 గ్రాముల వెన్న, 30 గ్రాముల నువ్వులు, రెండు చెంచాల వాము, కారం, 14 గ్రాముల ఉప్పు. కరకరలాడాలని వెన్న రెట్టింపు వేసేవాళ్లున్నారు. వెన్న ఎక్కువైతే జంతిక గుల్లబారుతుంది, గుల్లబారిన ప్రతి కన్నంలోనూ నూనె నిలుస్తుంది. చేత్తో విరిస్తే వేళ్లు తడుస్తాయి. కిలో పిండికి 40 గ్రాములు చాలు.

ఉప్పు కిలోకు 20 గ్రాములు వేయడం మామూలు. బీపీ ఉన్న ఇంట్లో 14 సరిపోతుంది. వాము ఘాటు, నువ్వుల కమ్మదనం ఉన్నచోట ఉప్పు తగ్గినట్టు నాలుక పట్టుకోదు. తెలంగాణలో సకినాలు చుట్టే ఇళ్లకూ ఇదే లెక్క. సకినాల పిండి తడిపిండి కాబట్టి, బట్ట మీద చుట్టినవి కాస్త ఆరాకే నూనెలో వేయాలి. తడి ఎక్కువ ఉంటే వేగడానికి ఎక్కువసేపు పడుతుంది.

మొత్తం 1300 గ్రాముల జంతికలు దిగాయి. పీల్చిన నూనె 300 గ్రాములు. అంటే బరువులో దాదాపు నాలుగోవంతు నూనే. గుప్పెడు, 40 గ్రాములు, 200 కేలరీలకు పైనే. అరిసె కంటే జంతికే ప్రమాదం. అరిసె ఒకటి తింటే తీపి మొహం మొత్తుతుంది, జంతికకు ఆ అడ్డం లేదు. టీవీ ముందు గిన్నె పెట్టుకుంటే చెయ్యి దానంతటదే వెళ్తుంది.

ఇవాళ్టి ముఖ్యమైన పని పంపకం. అరిసెలు 48. షుగర్ లేని ఏడుగురికి మనిషికి 3 చొప్పున 21, షుగర్ ఉన్నవాళ్లకు 1, మొత్తం 22. ఇరుగుపొరుగుకు ఇచ్చే పళ్లేలకు 14. వచ్చేపోయే చుట్టాలకు 12. జంతికలు మనిషికి 40 గ్రాముల పొట్లాలు మూడు, మొత్తం 24 పొట్లాలు, 960 గ్రాములు. మిగతా 340 చుట్టాల డబ్బాలోకి.

పొట్లాల మీద పేరు, రోజు రాశాం. అరిసె పొట్లాలు భోగికి, కనుమకు, ముక్కనుమకు. సంక్రాంతి నాడు పొంగలి ఉంటుంది కాబట్టి ఆ రోజు అరిసె లేదు. జంతికల పొట్లాలు భోగికి, సంక్రాంతికి, ముక్కనుమకు. కనుమ నాడు గారెలుంటాయి. రోజుకు ఒక తీపి, ఒక నూనె వంటకం, అంతకు మించి ఏ రోజూ లేదు. చుట్టాల డబ్బా అటకెక్కింది. స్టూలు వేసుకుంటే తప్ప అందదు. ఇంటి పొట్లాలన్నీ ఒక బుట్టలో, సాయంత్రం నాలుగున్నర టీకి మాత్రమే కిందికి వస్తాయి. టీ వేళ ఎందుకంటే, ఎలాగూ ఆ వేళకు ఏదో ఒకటి తినే అలవాటు అందరికీ ఉంది. ఉన్న అలవాటుకు పొట్లాన్ని కట్టేయడం తేలిక.

ఇరుగుపొరుగు పళ్లేలు ఈ సాయంత్రమే పంచేశాం. పండగ నాడు ఇద్దామని దాచితే ఆ 14 అరిసెలు 14గా ఉండవు.

భోగికి ముందు రోజు: కూరగాయలు

రోజుకు మనిషికి 400 గ్రాముల కూరగాయలు తినాలన్నది పోషకాహార సంస్థ మాట. 8 మందికి 3.2 కిలోలు. పండగ నాడు అంత తరగడం ఎవరివల్లా కాదు, అందుకే ముందు రాత్రే సగం పని అయిపోవాలి. జనవరి కాబట్టి కాలం మనవైపే ఉంది: చిక్కుడుకాయలు, గుమ్మడి, ముల్లంగి, పచ్చి కందికాయలు, అనపగింజలు, చిలగడదుంపలు, జామకాయలు. చిక్కుడుకాయలు ఈనెలు తీసి, గుమ్మడి చెక్కు తీయకుండా ముక్కలు కోసి, విడివిడిగా డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టాం. వంకాయ మాత్రం అప్పటికప్పుడే కోయాలి, నల్లబడుతుంది.

రాత్రి పడుకునే ముందు 200 గ్రాముల అలసందలు నానబోశాం. ఇవి రేపటి ప్రణాళికకు మూలస్తంభం.

భోగి

తెల్లారుజామున భోగిమంట, తలంటు. మధ్యాహ్నం ఒంటిగంట దాకా భోజనం లేదు. నాలుగింటికి లేచిన మనిషి ఒంటిగంట దాకా ఖాళీ కడుపుతో తిరిగితే పదింటికల్లా చెయ్యి డబ్బాలోకి వెళ్తుంది, దానిని తప్పుపట్టలేం. అందుకే ఎనిమిదింటికి గుగ్గిళ్లు: నానిన అలసందలు రెండు విజిల్స్, రెండు చెంచాల నూనెతో తాలింపు, కొబ్బరి కోరు, నిమ్మరసం. మనిషికి పొడి లెక్కన 25 గ్రాములు, అందులో 5, 6 గ్రాముల మాంసకృత్తులు. పక్కన జామకాయ. మళ్లీ ఒంటిగంట దాకా ఎవరూ డబ్బా ఊసెత్తలేదు.

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు ఈ పూట మరీ ముఖ్యం. పూజ అయ్యేదాకా తినకూడదని మందు మాత్రం వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, తల తిరగడం మొదలవుతాయి. ఉపవాసం ఉండాలనుకుంటే మందు మోతాదు సంగతి పండగకు ముందే డాక్టరును అడిగి ఉంచుకోవాలి.

మధ్యాహ్నం పులగం. మామూలుగా బియ్యం రెండు పాళ్లు, పెసరపప్పు ఒక పాలు. ఇవాళ సమపాళ్లు: 300, 300. రుచిలో లోటు రాలేదు, మిరియాలు కాస్త ఎక్కువ పడ్డాయి అంతే. పక్కన గుమ్మడి, చిక్కుడు, వంకాయ, కంద, చిలగడదుంప కలిపిన కలగలుపు కూర, నువ్వుల పొడి. మొత్తం కూర 2 కిలోలు చేస్తే గిన్నె ఖాళీ అయింది.

సాయంత్రం పిల్లలకు భోగిపళ్లు పోశాక మిగిలిన రేగిపళ్లు కడిగి గిన్నెలో పెట్టాం. టీకి పొట్లాలు దిగాయి. మొదటి రోజు కాబట్టి నాలుగున్నర దాకా ఆగడం దగ్గరే గొడవ: పిల్లలు నాలుగింటికే అడిగారు. వాళ్ల పొట్లం వాళ్ల చేతికే ఇచ్చి, ఎప్పుడు తింటారో మీ ఇష్టం, మళ్లీ రేపే అని చెప్పాం. ఒకరు వెంటనే తినేశారు. ఒకరు రాత్రి దాకా దాచుకున్నారు. రెండో పొట్లం ఇద్దరూ అడగలేదు.

సంక్రాంతి

పెద్దలకు పెట్టుకునే ఇల్లు కాబట్టి భోజనం రెండు దాటింది. పొద్దున మళ్లీ టిఫిను, ఈసారి ఒక్కో పెసరట్టు, అల్లం పచ్చడి.

పొంగలి 8 మందికి: బియ్యం 120 గ్రాములు, పెసరపప్పు 60, బెల్లం 130, పాలు 300 మిల్లీలీటర్లు, నెయ్యి 40, జీడిపప్పు కిస్‌మిస్ 20. ఒక్కొక్కరికి సుమారు 220 కేలరీలు. కొలత చూసి ఇంత కొంచెమా అనిపిస్తుంది. గిన్నె చిన్నదైతే అనిపించదు. పెద్ద గిన్నెలో అడుగున పడితే తక్కువగా కనిపించేదే, చిన్న వెండిగిన్నెలో నిండుగా కనిపిస్తుంది.

విస్తట్లో తీపి ముందు పడుతుంది. ఆనవాయితీ ప్రకారం ఒక ముద్ద నోట్లో వేసుకుని, మిగతాది పక్కన ఉంచి, కూర, పప్పు తినడం మొదలుపెట్టాలి. పీచు, పప్పు ముందు కడుపులో పడి ఆ తర్వాత అన్నం, తీపి వెళ్తే రక్తంలో షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు. షుగర్ ఉన్నవాళ్లకు ఈ వరస మార్పు ఖర్చులేని మందు లాంటిది. పరీక్ష చేసుకునేవాళ్లు మొదటి ముద్ద తిన్న వేళ నుంచి రెండు గంటలు లెక్కపెట్టాలి, చెయ్యి కడుక్కున్న వేళ నుంచి కాదు. పండగ భోజనం ముప్పావుగంట నడుస్తుంది కాబట్టి ఈ తేడా చాలా ఉంటుంది. వేలికి బెల్లం అంటుకుని ఉన్నా మీటరు ఎక్కువ చూపిస్తుంది, సబ్బుతో కడిగి తుడిచాకే గుచ్చుకోవాలి.

పులిహోర ఉన్నప్పుడు తెల్లన్నం ఒక్క చిన్న గరిటెడే, పెరుగులోకి. పులిహోరను కూరలా లెక్కేసి, ఆ పైన పప్పన్నం, పులుసన్నం, పెరుగన్నం తింటాం, అక్కడే మూడు రెట్లవుతుంది. పులిహోర అంటే అన్నమే.

వడ్డించేవాళ్ల ప్రేమ ఒకటుంది. "ఇంకొక్కటి వేసుకో నాయనా, పండగపూట కూడానా" అంటే వద్దని చెప్పడం కష్టం, చెబితే నొచ్చుకుంటారు. వద్దనడం బదులు వాయిదా వేయడం పనిచేసింది: "అత్తమ్మా, ఇప్పుడు వేస్తే రుచి తెలీదు, పొట్లం కట్టి ఉంచండి, సాయంత్రం టీలోకి తింటా." పెట్టిన చెయ్యి వెనక్కి పోలేదు, విస్తట్లో పడనూ లేదు.

ఇవాళ్టి లెక్క తప్పింది. పొంగలి నెయ్యి 40, పులిహోర తాలింపు 45, కూరలకు 20, మొత్తం 105 గ్రాములు. పిండివంటలు పీల్చే నూనె పోను రోజుకు అనుకున్నది 80. పులిహోరలో పల్లీలు నూనెలో వేయించడం వల్లే పెరిగింది. పల్లీలు విడిగా పొడి మూకుడులో వేయించి కలిపితే 25 గ్రాముల నూనెతో తాలింపు తేలిపోయేది.

భోజనం అయ్యాక పావుగంట వీధి వెంట నడక, ముగ్గులు చూసుకుంటూ. హైదరాబాద్ ఇళ్లలో ఈ వేళకు అందరూ డాబా మీద గాలిపటాలతో ఉంటారు, జంతికల డబ్బా కూడా మెట్లెక్కుతుంది. డాబా మీదికి నీళ్లు, ఉడికించిన కందికాయలు, చెరకు ముక్కలు మాత్రమే వెళ్లాలి. కందికాయ ఒలుచుకుని తినాలి కాబట్టి చేతికి పని ఉంటుంది, కడుపులోకి పోయేది తక్కువ.

కనుమ

కనుమ నాడు మినుము తినాలంటారు. 400 గ్రాముల మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి, చల్లటి నీళ్లు చిలకరిస్తూ రుబ్బాం. 36 గారెలు వచ్చాయి.

మొదటి రెండు వాయిలు బాగా నూనె పీల్చాయి. కారణం దొరికింది: రుబ్బగానే ఉప్పు వేసి, కోడి పని చూసుకునే లోపు పిండి గంటసేపు పక్కన ఉంది. ఉప్పు నీరు వదిలిస్తుంది, పిండి జారుగా అయింది, జారు పిండిలో నీరు ఆవిరైనచోటల్లా నూనె చేరింది. రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి, ఒక నిమిషం చేత్తో గిలకొట్టాక తర్వాతి వాయిలు కుదురుకున్నాయి. పిండి కుదిరిందీ లేనిదీ నీళ్ల గిన్నెలో చిన్న ఉండ వేసి చూడాలి, తేలితే బాగుంది. ఉప్పు మాత్రం మూకుడు కాగాకే కలపాలి. మొత్తం పీల్చింది 190 గ్రాములు, గారెకు 5.3. ఒక్కో గారె సుమారు 85 కేలరీలు.

నాటుకోడి కిలోన్నర. బాయిలర్ కోడికి పోసినట్టు నూనె పోస్తారు గానీ దీనికి అవసరం లేదు. 55 గ్రాముల నూనె, 30 గ్రాముల ఎండుకొబ్బరి, ఒక చెంచా గసాలు, ధనియాలు. కుక్కరులో ఆరేడు విజిల్స్, తర్వాత మూత తీసి పావుగంట సన్నటి సెగ. పైన తేలిన నూనెను గరిటెతో పక్కకు తీశాం, రెండు చెంచాలు వచ్చింది.

అందరూ చేసే పొరపాటు గారెలు పులుసులో ముంచుకుని తిన్నాక, కూర బాగుందని మళ్లీ అన్నం వడ్డించుకోవడం. గారెలే ఈ పూట అన్నం. పెద్దలకు నాలుగు, పిల్లలకు మూడు, పులుసు, ఉల్లిపాయ ముల్లంగి ముక్కలు, చివర మజ్జిగ. అన్నం వండనే లేదు. వండి పెట్టి తినొద్దంటే కుదరదు. మిగిలిన ఆరు గారెలు వేడినీళ్లలో ముంచి, పిండి, పెరుగులో వేశాం. పిండినప్పుడు కాస్త నూనె కూడా నీళ్లలోకి దిగుతుంది.

ముక్కనుమ

కనుమ నాడు కాకైనా కదలదన్నారు కాబట్టి ప్రయాణాలన్నీ ఇవాళే. పెరుగు గారెలు పొద్దున టిఫినుకు పోయాయి. సాయంత్రం చివరి పొట్లాలు. అటక మీది డబ్బా దించి చూస్తే అరిసెలు 5, జంతికలు 150 గ్రాములు. ఊరెళ్లేవాళ్లకు కట్టిచ్చేశాం. బస్సులో తినడానికి మాత్రం ఇవి కాదు, జామకాయలు, వేయించిన పల్లీలు వేరే సంచిలో. ప్రయాణంలో అరిసెల డబ్బా పై సంచిలో ఉంటే ఊరు చేరేసరికి ఖాళీ, అందుకే అది పెద్ద పెట్టె అడుగున సర్దాం.

అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న తెలుగువాళ్లకు పండగ పనిదినాన వస్తే, వేడుక ఆ తర్వాతి శని ఆదివారాలకు జరుగుతుంది. ఇంటింటి నుంచీ ఒక వంటకం తెచ్చుకునే భోజనాల్లో పది రకాల తీపి, ఒక్క కూర ఉంటాయి. అక్కడికి వెళ్లేవాళ్లు తమ వంతుగా రెండు కిలోల చిక్కుడుకాయ కూరో గుగ్గిళ్లో తీసుకెళ్తే కనీసం తమ పళ్లెంలో సగం తమ చేతిలో ఉంటుంది.

నూనె లెక్క తేలింది. ఇంట్లో తిన్న పిండివంటల్లోంచి: అరిసెలు 22, 119 గ్రాములు. జంతికలు 24 పొట్లాలు, 221. గారెలు 36, 190. మొత్తం 530. అనుకున్న 864లో మిగిలింది 334, అంటే రోజుకు ఇంటిల్లిపాదికీ 80 చొప్పున. సంక్రాంతి నాడు 25 దాటింది, భోగి నాడు తాలింపులన్నీ కలిపి 50తోనే సరిపోవడంతో అది సర్దుకుంది.

పండగ తర్వాత

ముక్కనుమ మర్నాడు త్రాసెక్కితే ఒకరికి 1.4 కిలోలు ఎక్కువ చూపించింది. కంగారు పడనవసరం లేదు. కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి సుమారు 7700 కేలరీలు తినాలి, మూడు నాలుగు రోజుల్లో అది జరిగే పని కాదు. అన్నం, తీపి ఎక్కువ తిన్నప్పుడు ఒళ్లు పిండిపదార్థాన్ని నిలవ చేసుకుంటుంది, ఆ నిలవ గ్రాముకు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఉప్పు కూడా నీటిని ఆపుతుంది. బరువు చూడాల్సింది ఎనిమిదో రోజున, పొద్దున్నే, ఖాళీ కడుపుతో. ఆ రోజు చూస్తే తేడా 0.3.

మర్నాటి నుంచి ఉపవాసాలు, పళ్లరసాల మీద బతకడాలు పెట్టుకోలేదు. మామూలు తిండే, రాత్రి అన్నం బదులు రెండు రోజులు జొన్నరొట్టె, కూర.

ఎనిమిదో రోజుకు ఇంట్లో పిండివంట అన్నది లేదు. వచ్చే ఏటికి రాసుకున్నవి: జంతికల పిండి 800 గ్రాములే, పల్లీలు పొడిగా వేయించాలి, గారెల పిండిలో ఉప్పు చివర్న, అరిసెలకు ఇద్దరు మనుషులు ముందే ఖాయం కావాలి. అటక మీంచి దించిన డబ్బాను కడిగి, పెరట్లో ఎండకు బోర్లించాం.